ఓరుగంటిలో నొక దినము: క్రీడాభిరామమునందలి నగరదర్శనము

ఒక మహానగరమునకు క్రొత్తగా వచ్చినవాని తొలిదినము తక్కిన దినములవంటిది కాదు. ఆ యూర పుట్టి పెరిగినవాడు వీథిని చూడడు. వీథివెంట నడచి తన పనికి పోవును. క్రొత్తవాడో, ఏ సందు ఎచ్చటికి పోవునో యెరుగడు గనుక ప్రతి సందును తేరి చూచును. ఏ వస్తువు వెల యెంతయో తెలియదు గనుక ప్రతి వెలను అడుగును. ఆకలి వేసినపుడు పోవుటకు ఇల్లు లేదు గనుక అన్నము అమ్ము ఇల్లెక్కడనో విచారించును. ఊరివారు చెప్పుకొననక్కరలేదని విడిచినవియు, రాజులు శాసనముల చెక్కింపదగినవి కావని తలచినవియు ఇట్టివాని కంటబడును. దేశచరిత్రములందు పరదేశీయుల వ్రాతలకు గౌరవము కలుగుటకు ఇదియే కారణము.

తెలుగు కావ్యములందు నగరవర్ణనమునకు కొదవలేదు. అష్టాదశవర్ణనములలో నగరవర్ణనము ముఖ్యమైనది. అల్లసాని పెద్దన మనుచరిత్రకథ అరుణాస్పదపురవర్ణనముతోనే మొదలగును. కాని ప్రబంధములందలి పురము మేడలచే చంద్రుని తాకును; నాలుగు వర్ణములవారును తమ తమ ధర్మములందు లోపమెరుగక యుందురు; ఉద్యానములందు వసంతము వీడదు. ఆ నగరమునకు ప్రొద్దు లేదు, ధూళి లేదు, వెల లేదు. ఒక పురమునకు చెప్పిన పద్యములు పేరు మార్చి మరియొక పురమునకు చెప్పినను చెల్లును. అది నగరప్రశంస యేగాని నగరదర్శనము కాదు. దర్శనమునకు కన్నులు కావలెను, కాళ్లు కావలెను, తెల్లవారి ప్రొద్దుక్రుంకు ఒక దినము కావలెను. ఈ మూడును కల ప్రాచీనాంధ్రకృతి క్రీడాభిరామము. ఇరువురు మిత్రులు ఒక్కదినము ఓరుగంటి వీథులలో తిరిగి చూచినదే యందలి కథ. ఆ దినము చరిత్రకు ఎంతవరకు సాక్ష్యము కాగలదో, నేడు ఓరుగల్లు చూడబోవువారికి ఎట్లు తోడ్పడునో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కృతిస్వరూపము

క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని పేర నున్నది. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతమున రచించిన ప్రేమాభిరామము దీనికి మూలము. త్రిపురాంతకుడు తెలుగున త్రిపురాంతకోదాహరణమును రచించిన కవి. అది దొరకినది గాని ప్రేమాభిరామము దొరకలేదు. వల్లభరాయడు క్రీస్తుశకము పదునైదవ శతాబ్ది పూర్వభాగమువాడని పండితుల యభిప్రాయము. పద్యముల పోకడనుబట్టి ఇది శ్రీనాథుని రచనయే యని వాదించినవారు కలరు. శ్రీనాథుని చేయి కొంత కలదని సమాధానపడినవారు కలరు. ఈ వివాదము తీరినను తీరకున్నను ప్రస్తుతవిషయమునకు హాని లేదు. ఇరువురును సమకాలికులే గదా. చాలకాలము మరుగునపడియున్న యీ గ్రంథమును మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించి లోకమునకు తెచ్చెను. తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించి విపులమగు పీఠికతో ప్రచురించెను.

రూపకములు పదివిధములు. అందు వీథి యొకటి. ఒకే అంకము, ఒకరో ఇద్దరో పాత్రలు, శృంగారరసముయొక్క సూచన, ఉక్తిప్రత్యుక్తుల చమత్కారము వీథికి లక్షణములని దశరూపకాది లక్షణగ్రంథములు చెప్పుచున్నవి. రంగస్థలముమీదికి రాని జనులను పాత్రములు తాము చూచుచున్నట్లును, వారితో పలుకుచున్నట్లును అభినయించును. ఈ లక్షణము నగరసంచారమునకు మిక్కిలి అనుకూలమైనది. మంచనశర్మయు టిట్టిభసెట్టియు నిలిచియుందురు. ఓరుగల్లు వారి మాటలలో కదలిపోవును. వీథి యను పదమునకు రూపకభేదమనియు తెరువనియు రెండర్థములు కలవు. ఈ కృతియందు రెండర్థములును ఒక్కచోట కూడినవి: వీథి యను రూపకమునకు వీథులే వస్తువైనవి.

ఇరువురిలో గోవింద మంచనశర్మ బ్రాహ్మణుడు, రసికుడు. టిట్టిభసెట్టి వైశ్యుడు, అతని చెలికాడు. ఒకరికి శాస్త్రపరిచయము, మరియొకరికి వ్యాపారపరిచయము. వారికి ఆ దినమున నగరములో చేయవలసిన రాజకార్యము లేదు, వ్యాజ్యము లేదు. వారు ప్రొద్దు పుచ్చుటకే తిరుగువారు. తిరుగుటయే పనియైనవాని కన్నులకు నగరము తానుగా తెరచుకొనును.

ఆ దినమున వారు చూచినవి

కోటవెలుపలి వాడలనుండి లోపలికి పోవు త్రోవలో జనసమ్మర్దము వారికి మొదట ఎదురగును. రాజధానియొక్క పరిమాణము క్రొత్తవానికి తెలియునది మేడల యెత్తుచేత గాదు, త్రోవ దొరకకుండుటచేత. ప్రబంధకవి ఏనుగులను లెక్కించి సంపదను చాటును; ఇచ్చట వాహనముల నడుమ ఒదిగి నడువవలసివచ్చిన మనుష్యుడు కనబడును. ఈ భేదము చిన్నదిగా తోచినను, కృతి యంతయు దీనిపై నిలిచియున్నది.

తరువాత చెప్పవలసినది పూటకూటింటి ప్రసంగము. లక్ష్మణవజ్ఝల యను నాతని యింట ఒక రూక యిచ్చినవారికి దొరకు భోజనమును ఒక్క పద్యములో కవి చెప్పెను. సన్నబియ్యపు అన్నము, గోధుమపిండితో చేసిన వంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు అందు కలవు. ఈ పద్యమును భోజనప్రియత్వమునకు ఉదాహరణముగా మాత్రమే చదువుట పరిపాటి. చరిత్రకారునికి ఇది అంతకంటె ఎక్కువ చెప్పును. మొదటిది, దూరమునుండి వచ్చువారికి వెలకు అన్నము పెట్టు ఇండ్లు ఓరుగంట నుండెను. అనగా నిత్యము పరస్థలపువారు వచ్చిపోవు పురమది. రెండవది, వెల నాణెములో చెప్పబడినది. ధాన్యపు కొలతలో గాదు. మూడవది, వడ్డించు వస్తువులలో పంచదారకు మాత్రము గుప్పెడని కొలత చెప్పబడినది. అన్నమునకు కొలత లేదు, పప్పునకు కొలత లేదు. కొలిచి పెట్టునది అరుదైనది. ఆ కాలమున పంచదార పూటకూటింటికి కూడ వచ్చినదనియు, వచ్చినను విచ్చలవిడిగా రాలేదనియు ఈ యొక్క మాటచేత గ్రహింపవచ్చును. ఇట్టి సంగతి ఏ శాసనమును చెప్పదు.

దేవతల విషయమున ఈ మిత్రులు చూచిన ఓరుగల్లు రాజశాసనముల ఓరుగంటికంటె వేరుగా నుండును. శాసనములు స్వయంభూదేవుని, శివాలయములకు ఇచ్చిన వృత్తులను చెప్పును. వీథులలో నడచువారికి కాకతమ్మ, ఏకవీర, మైలారదేవుడు కానవత్తురు. ఏకవీర పరశురాముని తల్లియగు రేణుకయని ప్రసిద్ధి. బవనీలు జమిడిక వాయించుచు ఆమె కథను పాడుదురు. మైలారదేవుని భక్తులగు వీరభటులు నిప్పులలో దూకుట మొదలగు సాహసకృత్యములు చేయుదురు. ఈ ఆచారములు తెలంగాణమునందును రాయలసీమయందును రూపాంతరములతో చిరకాలము నిలిచినవి. జమిడిక మీద ఎల్లమ్మకథ చెప్పు గాయకులు ఈ కాలమువరకును కలరు. రాజధానిలోనే, రాజదేవాలయమునకు కూతవేటులోనే, ఈ గ్రామదేవతల కొలుపులు సాగినట్లు క్రీడాభిరామము వలన తెలియుచున్నది.

పలనాటివీరుల పాట మరియొక ముఖ్యవిషయము. పలనాటియుద్ధము పండ్రెండవ శతాబ్ది చివరిభాగమున జరిగినది. ఓరుగంటిలో ఒక స్త్రీ వాద్యమునకు తగినట్లు ద్విపదలో ఆ వీరుల కథను పాడుచుండగా మిత్రులు విందురు. పలనాటి ఎల్లలు దాటి ఆ కథ కాకతీయరాజధానిలో వీథిపాటగా వ్యాపించినదని, ద్విపద పండితులకంటె ముందే పాడువారి నోళ్లలో నిలిచిన ఛందమని, వీరగాథలను స్త్రీలును పాడుచుండిరని ఇందువలన మూడు సంగతులు తేలుచున్నవి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున పేర్కొనిన జానపదగేయభేదములతో దీనిని పోల్చి చదివినయెడల ఆ కాలపు దేశిసాహిత్యముయొక్క యునికి స్పష్టమగును.

వినోదములలో కోడిపందెము, పొట్టేళ్ల పోరు, పాములవాని యాట కలవు. ఓడిన పుంజును గూర్చి గంభీరశైలిలో చేసిన విలాపము తెలుగున హాస్యమునకు చక్కని లక్ష్యము. పందెమునకు మూగిన జనములో కులభేదము మరపునకు వచ్చుటయు చదువరికి తోచును.

తుదకు మాచల్దేవి చిత్రశాల. ప్రతాపరుద్రుని ప్రేమకు పాత్రమైన యీ వేశ్య క్రొత్తగా చిత్రశాలను నిర్మించి ప్రవేశోత్సవము చేయుచున్నది. గోడలమీద దేవతలయు మునులయు ప్రణయకథలు చిత్రింపబడియున్నవి. కాకతీయకాలపు శిల్పము వేయిస్తంభముల గుడిలోను రామప్పగుడిలోను నిలిచినది. ఇండ్ల గోడలమీది చిత్రము ఆ యిండ్లతోనే పోయినది. ఉండెనను వార్త ఈ కృతివలననే వివరముగా తెలియుచున్నది. మదనరేఖకు జరుగు ముకురవీక్షావిధానము, అనగా కులవృత్తిలో ప్రవేశించు కన్యకు అద్దము చూపు సంస్కారము, ఈ సందర్భముననే వచ్చును. అద్దమునందు తన ముఖము చూచుకొనుటతో ఆ బాలికకు బాల్యము ముగియును. మిత్రులు దానిని వేడుకగా చూచి సాగిపోవుదురు. నేటి చదువరి అంత తేలికగా సాగిపోలేడు.

సాక్ష్యముయొక్క హద్దులు

ఇన్ని సంగతులు చెప్పు కృతిని చరిత్రమునకు ఆధారముగా స్వీకరించుటలో మూడు విషయములు మరువరాదు.

మొదటిది కాలము. కథ ప్రతాపరుద్రుని కాలమున జరిగినట్లున్నది. ఆ రాజు 1289 మొదలు 1323 వరకు రాజ్యము చేసెను. 1323లో ఉలూఘ్‌ఖాను ఓరుగంటిని పట్టుకొని రాజును బందీగా కొనిపోయెను. పురమునకు సుల్తానుపురమను పేరు కలిగెను. వల్లభరాయడు దాదాపు నూరేండ్ల తరువాతివాడు. కనుక ఇందలి ఓరుగల్లు కొంత మూలగ్రంథమునుండి వచ్చినది, కొంత కవి తన కాలమున కన్నది, కొంత జనశ్రుతి. మాచల్దేవివంటి రాజసంబంధము గల ప్రసంగములు మూలమునకు చేరినవై యుండును. తినుబండారములు, ఆటలు, కొలుపులు పదునాలుగు పదునైదు శతాబ్దులకు సామాన్యములని గ్రహించుట క్షేమము. ఏ యొక్క పద్యమును పట్టుకొని ఏ యొక్క సంవత్సరమును నిర్ణయింపరాదు.

రెండవది రూపకలక్షణము. వీథికి శృంగారహాస్యములు ప్రధానములు. అందుచేత వేశ్యవాటికకు ఇందు దక్కిన చోటు నగరమున దానికుండిన చోటుకంటె పెద్దది. కాకతీయుల రాజ్యమునకు ప్రాణము చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల నీటిచే పండిన పంటయే ఓరుగంటి సంపదకు మూలము. ఆ పంట పండించినవారు, ఆ కట్టలు పోసినవారు మంచనశర్మకు ఎదురుపడరు. తిరుగుబోతుల దినములో కష్టజీవుల దినము కనబడుట తక్కువ.

మూడవది చూచువారి స్థితి. దీనిని ప్రత్యేకముగా విచారింపవలెను.

ఈ హద్దులను తెలిసికొనియే సురవరము ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘికచరిత్రమున క్రీడాభిరామమును విరివిగా వాడుకొనెను. రాజుల వంశావళులు మాత్రమే చరిత్రముగా చెల్లుచున్న కాలమున, ప్రజలు తినిన అన్నమును కట్టిన బట్టను ఆడిన ఆటను చరిత్రముగా నిలిపిన యా గ్రంథమునకు ఈ చిన్నవీథి ముఖ్యాధారములలో నొకటి యగుట గమనింపదగినది.

చూచువారు, చూడబడువారు

క్రీడాభిరామమున చూచువారిద్దరును పురుషులు. స్త్రీలు వీథివెంట వత్తురు, పాడుదురు, అమ్ముదురు, ఆడుదురు. కాని వారు చూడబడువారు. వారి కన్నులకు ఓరుగల్లు ఎట్లుండెనో కృతి చెప్పదు. మాచల్దేవి యొక్కతె దీనికి కొంత భిన్నముగా నిలుచును: ఆమె చూపువలసినదానిని తానే నిర్ణయించి గోడలపై వ్రాయించినది. ఆ గోడలును తుదకు మంచనశర్మ కన్నులతోనే చదువరికి అందుచున్నవి.

నగరమునకు క్రొత్తగా వచ్చిన దంపతుల కథ ద్రావిడసాహిత్యమున మరియొకటి కలదు. తమిళకావ్యమగు శిలప్పదికారమున కోవలన్, కణ్ణగి పుహారునుండి కాలినడకను మధురకు వత్తురు. భార్యాభర్తలు కలిసి నడచిరి. కాని కలిసి నగరము చూడలేదు. కణ్ణగిని పురము వెలుపల కవుంది యను జైనసన్న్యాసిని యొద్ద నుంచి కోవలన్ ఒక్కడే లోపలికి పోయి మధురను చూచి వచ్చును. రత్నములంగడులు, ధాన్యపు వీథులు, వేశ్యవాడలు కావ్యమున వరుసగా వర్ణింపబడినవి. దీనికి ఊరు చూచిన కథయని పేరే కలదు. మంచనశర్మ తిరిగిన వాడలకును కోవలన్ తిరిగిన వాడలకును పోలిక మిక్కిలి. కణ్ణగి మధురలో ప్రవేశించునది తన భర్తను దొంగయని చంపిరని వినిన పిమ్మటనే. ఆమె నగరమును చూచిన తొలిదినము నగరమునకు కడపటిదినమైనది. ఊరు చూచుటకు వదలిపోయిన స్త్రీ ఊరిని విచారించుటకు వచ్చినదని ఆ కథను చదువవచ్చును.

తెలుగుస్త్రీ తానే మహానగరమును చూచి తానే వ్రాయుటకు చాలకాలము పట్టెను. పోతం జానకమ్మ రాఘవయ్య 1870లలో ఇంగ్లండునకు పోయి, తాను చూచినదానిని గ్రంథముగా వ్రాసి 1876లో మద్రాసున ప్రకటించెను. లండనును చూచిన తెలుగు ఇల్లాలి కన్ను అందు కలదు. వల్లభరాయనికిని ఆమెకును నడుమ నాలుగు శతాబ్దులకు మించిన యెడము. ఆ నడిమికాలమున నగరములకు పోయిన స్త్రీలు లేకపోలేదు. వారి దినములు గ్రంథములకెక్కలేదు.

నేటి బాటసారులకు

ఖానాపురం హవేలి ఖమ్మం పట్టణమును అంటియున్న ఊరు. జమీందారులకును జాగీర్దారులకును విడువక ప్రభుత్వము తన చేతనే యుంచుకొనిన, ముఖ్యస్థానమునకు సమీపమగు గ్రామములను హవేలి యనుట పూర్వపు రెవెన్యూ వ్యవహారము. ఊరి పేరిట ఆ మాట ఇంకను నిలిచియున్నది. ఇచ్చటి దంపతులకు సెలవుదినములందు అలవాటైన ప్రయాణము తూర్పుగా అడవులగుండ గోదావరి యొడ్డునకు, భద్రాద్రిరాముని సన్నిధికి. ఉత్తరముగా ఓరుగంటికి త్రోవ అంతకంటె సులభము. ఖమ్మములో రైలెక్కినవారు డోర్నకల్లు, మహబూబాబాదు, కేసముద్రము, నెక్కొండ దాటి నూరు కిలోమీటర్లకు కొంచెము మించిన దూరమున వరంగల్లులో దిగుదురు. రెండూళ్లకును రాతివలననే పేళ్లు కలిగినవని చెప్పుదురు: స్తంభాద్రివలన ఖమ్మము, ఒంటిరాతివలన ఓరుగల్లు. ఏకశిలానగరమను సంస్కృతనామము ఆ రెండవదానికే.

అట్లు వచ్చిన దంపతులకు తొలిదినమున కనబడునది రాయి. మట్టికోటలను దాటి రాతికోట ద్వారముల మలుపులలో ప్రవేశించినయెడల, కోటనడుమ స్వయంభూదేవుని యాలయపు శిథిలములు నేలపై పరచియుండును. నాలుగు దిక్కులను నాలుగు తోరణములు నిలిచియున్నవి. ఆ తోరణమే 2014లో తెలంగాణరాష్ట్రముయొక్క రాజముద్రకెక్కినది. సమీపమున ఖుష్‌మహలను విశాలమగు కమానుల కట్టడము కలదు. అది కాకతీయుల యనంతరకాలపు శైలి. ఏకశిల గుట్టపైకెక్కినచో కోటలోపలనే నేటికిని కాపురములున్న ఇండ్లు, పొలములు కనబడును. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడి కలదు. శివుడు, విష్ణువు, సూర్యుడు మూడు గర్భాలయములందు వెలసిన త్రికూటమది. ఇంత చూచుటకు ఒక దినము చాలును.

కాని రాయి చెప్పునది రాజును గూర్చి. గణపతిదేవుడు గోడ యెత్తించెను, రుద్రమదేవి దానిని బలపరచెను, రుద్రదేవుడు గుడి కట్టించెను అని రాయి పలుకును. ఆ గోడలనడుమ ఎవరు తిరిగిరి, ఏమి తినిరి, దేనికి నవ్విరి, ఏ పాట విని నిలిచిరి అని యడిగినయెడల రాయి మూగది. లక్ష్మణవజ్ఝల యింటికి పునాదియైన మిగులలేదు, పంచదారకు శిథిలముండదు. మాచల్దేవి గోడలు మన్నైపోయినవి. వాటిని నిలిపినది పద్యము. పద్యమునకో, తోరణముల యెత్తు చెప్పు శక్తి లేదు, అగడ్త వెడల్పు కొలుచు శక్తి లేదు. రాతిని మాత్రమే చూచివచ్చినవారు జనములేని ఓరుగంటిని చూచినవారు. పద్యమును మాత్రమే చదివినవారు నేలలేని ఓరుగంటిని చూచినవారు. కోటద్వారమువద్ద నిలిచి జనసమ్మర్దమును, పగలు పూటకూటింటిలో అన్నము తినునపుడు రూక భోజనమును, గుడి మెట్లపై కూర్చుండి జమిడిక మ్రోతను స్మరించువారికి రెండును కలియును.

దంపతులు పోవుటలో మరియొక లాభము కలదు. క్రీడాభిరామము చదివి ఓరుగల్లు చూచు భర్తకు మంచనశర్మ చూచినది తోచును. ప్రక్కనున్న భార్యకు మంచనశర్మ చూడనిది తోచును: పాట ముగించిన స్త్రీ ఆ రాత్రి ఎచ్చటికి పోయెను, అద్దము చూచిన మదనరేఖ అద్దములో నేమి చూచెను, పూటకూటింటిలో వండినవారెవరు, చెరువుకట్టపై మట్టిమోసినవారిలో స్త్రీలెందరు అను ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు కృతిలో సమాధానములు లేవు. ప్రశ్నలు పుట్టుటకు మాత్రము కృతి కావలెను. కృతి లేనియెడల ఆ స్త్రీలుండిరను సంగతియే తెలియకపోవును.

నగరమును తొలిదినమున చూచువాడు అంతయు చూడలేడు. అతనికి తెలియనిదే యెక్కువ, తప్పుగా తోచునదియు కలదు. అయినను చూచినదానిని చూచినట్లు ఆ దినముననే ఎవరైన చెప్పియుంచినయెడల, నగరము పోయిన తరువాత అదియే నగరమగును. 1323లో పోయిన ఓరుగల్లు ఇద్దరు తీరికమనుష్యుల ఒక్కదినపు ముచ్చటలో నేటికిని మిగిలియున్నది. ఇట్టి సంచారపద్యములను, యాత్రావ్రాతలను, ఇండ్లలో పడియున్న దినచర్యపుస్తకములను శాసనములతో సమానముగ సేకరించి కాపాడుట పరిశోధకులకు విధియైన పని. ముఖ్యముగ స్త్రీలు వ్రాసి దాచుకొనినవి ఏ పెట్టెయందున్నను వెలికి తీయవలెను. ప్రతి పురమునకును రెండవ కన్ను అచ్చటనే యున్నది.